ఎంటర్ నొక్కి దాటేసిన మాట

పోయిన వారం నా ఫోను మూగబోయింది. కిందపడిందీ లేదు, పగిలిందీ లేదు. పొద్దున లేచి చూసేసరికి కొత్త అప్‌డేట్ వచ్చి కూర్చుందని తెరమీద ఒక శుభవార్త పెట్టి, ఆ క్షణం నుంచి ఎవరు పిలిచినా మోగడం మానేసింది. నాకు ఫోనుతో పెద్ద పనులేమీ లేవు గాని, దగ్గర్లోనే కర్గీ రోడ్ అనే చిన్న ఊళ్ళో ఉండే మా మేనత్త రోజూ పొద్దున్నే ఫోన్ చేస్తుంది, ఆవిడ గొంతు వినందే నాకు కాఫీ దిగదు. ఆవిడ పిలుస్తూనే ఉంది, నాకు వినబడక నేను ఎత్తలేదు. నాకేదో అయిపోయిందని ఆవిడ కంగారు, ఆవిడకేదో అయిందేమోనని నా కంగారు, చివరికి నేనే చేసి మాట్లాడితే ఇద్దరికీ ప్రాణం లేచొచ్చింది.

ఆ తర్వాత నేను చేసిన పని మీరు కూడా చేసేదే. పాలు పోసే అతనికి చెప్పాను, కూరగాయల బండి దగ్గర చెప్పాను, మెట్ల మీద ఎదురైన ఎదురింటావిడకు చెబితే ఆవిడ ఫోనుకూ అదే రోగమని తేలి ఇద్దరం కలిసి మరికాసేపు తిట్టుకున్నాం, కాలనీ ఆడవాళ్ళ గ్రూపులో మాటల్లో రికార్డు చేసి మరీ పెట్టాను. మా అమ్మాయికి తెలుగు మాట్లాడటం వచ్చు గాని చదవడం రాదు, ఇంట్లో ఏ వాక్యం మొదలుపెట్టినా సగం దాకా వచ్చేసరికి హిందీలోకి దిగిపోతుంది. అది నా గోలంతా విని నవ్వింది.

"అమ్మా, మొహల్లా మొత్తానికి చెప్పావు, బనానేవాలోంకో బతాయా క్యా? తయారుచేసినవాళ్ళకి చెప్పకపోతే వాళ్ళకెలా తెలుస్తుంది?"

అంటూ ఫోన్ అందుకుని, లోపల ఎక్కడో అడుగున ఉన్న ఒక వరుసను వేలితో చూపించింది. సమస్య ఉంటే ఇక్కడ తెలియజేయండి అని ఉంది. నాకు ముందు సిగ్గేసింది, ఆ వెనకే నవ్వొచ్చింది. ఈ బిలాస్‌పూర్‌లో ఆ మాట ఇంకొకరితో చెప్పించుకోనక్కర్లేని మనిషి ఎవరైనా ఉంటే అది నేనే.

నా ఈడువాళ్ళకు గుర్తుండే ఉంటుంది, కంప్యూటరున్న గదిలోకి చెప్పులు విప్పి వెళ్ళిన రోజులు. దానికి పూల గుడ్డతో కుట్టిన ముసుగు, ఎండ తగలకుండా కిటికీకి పరదా, మనుషులకు లేని కూలరు దానికి. ఊరి చివర సిర్గిట్టిలో ఒక మందుల గోదాంలో నేను ఆపరేటరుగా చేరినప్పుడు మా అమ్మ నన్ను మొదటిరోజు గుడికి వెళ్ళేదానిలా తయారుచేసి పంపింది. సదర్ బజార్‌లో పెద్ద దుకాణమున్న ఒక సేఠ్ గారిది ఆ గోదాం. ఊళ్ళో మందుల షాపులకూ, కట్నీ వెళ్ళే రైలు లైను మీదున్న చిన్న చిన్న స్టేషన్ల దగ్గర షాపులకూ సరుకు మా దగ్గరి నుంచే వెళ్ళేది. షాపువాళ్ళు ఏమేం కావాలో చెబితే నేను కంప్యూటర్లో కొట్టేదాన్ని, అది కిర్రుకిర్రుమంటూ చీటీ తీసేది, ఆ చీటీ చూసుకుని చుట్టుపక్కల పల్లెల నుంచి వచ్చే ఆడవాళ్ళు మందులు పెట్టెల్లో సర్దేవాళ్ళు. చూడటానికి ఏముంది, పోస్టాఫీసు పనిలాంటిదే, కాని నాకు మాత్రం ఇంజను నడుపుతున్నంత గర్వంగా ఉండేది.

గర్వమంటే మా నాన్న గురించి చెప్పుకోవాలి. ఆయన లోకో షెడ్‌లో ఫిట్టరు, వాళ్ళ నాన్న కూడా అదే షెడ్, శ్రీకాకుళం వైపు నుంచి ఎప్పుడో వచ్చి ఇక్కడి రైల్వే క్వార్టర్లలో పాతుకుపోయిన కుటుంబం మాది. రైల్వే మాకు జీతంతో పాటు ఒక మతం కూడా ఇచ్చింది, దాని పేరు ప్రాపర్ ఛానెల్. ఏ తేడా వచ్చినా మన పై మేస్త్రీకి చెప్పాలి, ఆయన ఆ పైవాడికి చెబుతాడు, మెట్టు దాటి మాట్లాడినవాడు మనిషే కాడు. స్టేషన్లో కంప్లైంట్ బుక్ ఉంటుంది చూశారా, అది ప్యాసింజర్లకు, స్టాఫ్ దాన్ని ముట్టుకోరు. ఇంట్లో కూడా ఇదే పద్ధతి. పప్పులో ఉప్పెక్కువైతే పిల్లలం అమ్మతో అనకూడదు, నాన్నమ్మతో చెప్పాలి, ఆవిడ సమయం సందర్భం చూసి అమ్మ చెవిన వేయాలి. ఆవిడ వేసేలోగా పప్పు అయిపోయేది. నాన్న మాత్రం సర్వీసు మొత్తంలో ఒక్కసారి కూడా ఎవరి తల మీదుగానూ మాట్లాడలేదని పండక్కి వచ్చిన చుట్టాలందరికీ చెప్పుకునేవారు.

ఆ గోదాంలో మేనేజరు కూడా మా మనిషే, పార్సిల్ ఆఫీసులో పనిచేసి రిటైరైన తెలుగాయన, నాన్నకు స్నేహితుడు, నేను బాబాయి అనే పిలిచేదాన్ని. ఉద్యోగం ఇప్పించిందీ ఆయనే. ప్రతి ఆదివారం మా ఇంటికి టీకి వచ్చేవారు. అంటే నాకు ఆఫీసులో మెట్టూ, ఇంట్లో మెట్టూ ఒకటే అన్నమాట.

ఒక ఎండాకాలం మా సాఫ్ట్‌వేర్‌కు కొత్త అప్‌డేట్ వచ్చింది. అప్పట్లో అది గాలిలో వచ్చేది కాదు, సీడీలో వచ్చేది, దాన్ని దేవుడి ప్రసాదంలా రెండు చేతుల్తో అందుకుని లోపల పెట్టాం. రంగులు మారాయి, అక్షరాలు అందంగా అయ్యాయి, అందరం సంతోషించాం. చీటీలు మొదలయ్యాక తెలిసింది, మందు పేరు రాసే గడి ఇరుకైపోయిందని. పేరు పడుతోంది గాని, దాని చివర ఉండాల్సిన పవరు అంకె తెగిపోతోంది. ఒకే మందు పాతిక పవరుదీ ఉంటుంది, వంద పవరుదీ ఉంటుంది, చీటీలో మాత్రం రెండూ ఒకేలా కనబడుతున్నాయి. సర్దే ఆడవాళ్ళు చీటీ పట్టుకుని నా దగ్గరికి వచ్చి "ఏమా కోన్ వాలా హే, దీదీ?" అని తమ ఛత్తీస్‌గఢీలో అడగడం, నేను తెర మీద చూసి ఏ పవరుదో చెప్పడం, రోజంతా ఇదే సరిపోయింది.

నేను పద్ధతి ప్రకారం బాబాయితో చెప్పాను. ఆయన పద్ధతి ప్రకారం సేఠ్ గారి మునీమ్‌తో చెప్పారు. మునీమ్ అంటే సేఠ్ లెక్కలూ మంచీచెడ్డా చూసే పెద్దమనిషి. ఆయన కంప్యూటర్ బిగించిన ఆయనకు చెప్పానన్నాడు. "అచ్ఛా, సెప్పీసేరు కదా, ఇంక వాళ్ళే సూసుకుంతారు. అందాకా నువ్వు సేత్తో రాసీయమ్మా," అన్నారు బాబాయి. సరేనని ప్రతి చీటీ మీదా తెగిపోయిన అంకెను పెన్నుతో రాయడం మొదలుపెట్టాను. అలా రాస్తూ ఉండటంతో ఆడవాళ్ళు అడగడం మానేశారు, వాళ్ళు అడగకపోవడంతో రోగం కుదిరిందని అందరూ మర్చిపోయారు. నేను కూడా సగం మర్చిపోయాను, మనిషికి అలవాటైన కష్టం కష్టంలా కనబడదు కదా.

ఆ మధ్యలో మా పిన్ని కూతురి పెళ్ళికని శ్రీకాకుళం వెళ్ళొచ్చాం. వచ్చిన కొన్నాళ్ళకు మా మేనత్త కర్గీ రోడ్ నుంచి ప్యాసింజర్ బండిలో దిగింది. మామయ్యది అక్కడ స్టేషన్లో ఉద్యోగం. మా అత్తను మీరు చూడాలి. టీ పోస్తే చెయ్యి భుజం దాకా ఎత్తి, దారం జారినట్టు గ్లాసులోకి వదిలేది, ఒక్క చుక్క బయట పడేది కాదు, మా చిన్నతనంలో అదే మాకు సర్కసు. ఆ రోజు మా ఇంట్లో అదే అత్త గ్లాసు పట్టుకుంటే సాసరు టకటకా కొట్టుకుంటోంది. మనిషి సగమైపోయింది, కళ్ళలో బెదురు.

"ఏటోనే నా తల్లీ, గుండి దడదడలాడతంది, నిద్దరట్టదు, సెయ్యి నిలబడనేదు. ఇంక ఎక్కువ రోజులు ఉండనేమోనే," అంది.

మా అమ్మ ఎండదెబ్బ అంది. నాన్నమ్మ దిష్టి అని తేల్చి, ఉప్పూ మిరపకాయలూ తిప్పి పొయ్యిలో వేసింది. అత్త దిష్టి తీయించుకుని, ఎప్పుడూ వేసుకునే థైరాయిడ్ మాత్ర కోసం సంచీ తెమ్మంది. తెచ్చి మాత్రల అట్ట తీసి ఇస్తున్నాను, నా చెయ్యి అక్కడే ఆగిపోయింది. రోజంతా చేత్తో రాసే అంకెలు నావి. అత్తకు రాసిచ్చింది పాతిక పవరు అని నాకు తెలుసు, అట్ట మీద వంద అని ఉంది. అంకె చిన్నదే, నాకు మాత్రం రైలు ముందు దీపమంత కనబడింది. ఆ మాత్ర అత్త నోట్లోకి వెళ్ళకుండా గుప్పిట మూసేసుకున్నాను.

వెంటనే రిక్షా పిలిచి ఆసుపత్రికి తీసుకెళ్ళాం. అక్కడ డాక్టరమ్మ పరీక్షలు చేయించి, నాడి చూసి, ముందు మమ్మల్ని కూర్చోమంది. తర్వాత చెప్పింది, గుండెకు శాశ్వతంగా ఏమీ కాలేదని, కొన్నాళ్ళు మాత్ర ఆపి మళ్ళీ తక్కువ పవరుతో మొదలుపెడితే మామూలు మనిషి అవుతుందని, ఇలాగే ఇంకొన్నాళ్ళు సాగి ఉంటే మాత్రం చెప్పలేమని. నాన్న అక్కడే గోడకు ఆనుకుని ఏడ్చేశారు. ఆయన ఏడవగా చూడటం నాకు అదే మొదలు. అంతకుముందు నేనెప్పుడూ అంత భయపడలేదు, ఆ తర్వాత అంత హాయిగా ఊపిరి పీల్చుకున్నదీ లేదు.

హాయి ఎంతోసేపు నిలవలేదు. ఆ పెట్టె ఎలా వెళ్ళిందో నాకు అర్థమైంది. నేను పెళ్ళికి వెళ్ళిన రోజుల్లో చీటీల మీద అంకె వేసే చెయ్యి లేదు, అడిగే అలవాటు తప్పిన ఆడవాళ్ళు చేతికందిన పెట్టె సర్దేశారు, కర్గీ రోడ్‌లో స్టేషన్ దగ్గరున్న షాపుకు వంద పవరు పెట్టె పోయింది, రెండు పెట్టెలూ ఒకే రంగు, ఆ షాపాయన రంగు చూసి ఇచ్చేశాడు. అత్త ఒక్కతే కొనుక్కుని ఉండదు. పైగా ఈ సాఫ్ట్‌వేర్ మా గోదాంలోనే కాదు, చుట్టుపక్కల ఎన్ని ఊళ్ళలో ఉందో. అక్కడ చేత్తో అంకెలు వేసే మనిషి ఉందో లేదో ఎవరికి తెలుసు?

బాబాయి మరుసటి బండికే మనిషిని పంపి కర్గీ రోడ్ పెట్టె వెనక్కి తెప్పిస్తానన్నారు, మునీమ్‌తో మళ్ళీ గట్టిగా చెబుతానన్నారు. నాకు ఆ "మళ్ళీ" దగ్గర మనసు ఆగిపోయింది. ఇన్నాళ్ళూ చెప్పిన మాట ఎక్కడిదాకా వెళ్ళిందో చూద్దామని, మధ్యాహ్నం తిండి వేళకు సైకిలేసుకుని సదర్ బజార్ వెళ్ళి, కంప్యూటర్ బిగించిన ఆయన దుకాణం వెతుక్కున్నాను. గుమ్మంలో బ్యాటరీలు, లోపల ఎమర్జెన్సీ లైట్లు, ఇన్వర్టర్లు. ఆయన నన్ను గుర్తుపట్టి, స్టూలు వేసి, టీ తెప్పించి, నేను చెప్పిందంతా ఎంతో శ్రద్ధగా తల ఊపుతూ విన్నాడు. విన్నాక ఇబ్బందిగా నవ్వుతూ హిందీలో చెప్పిన సంగతి ఇది: తను ఆ సాఫ్ట్‌వేర్ కంపెనీ వదిలేసి చాలా కాలమైంది. ఇప్పుడు బ్యాటరీల వ్యాపారం. ఊళ్ళో మందుల వ్యాపారులందరూ వచ్చి ఇదే చెబుతున్నారు, పాపం బాధలో వచ్చిన మనిషికి నాకు సంబంధం లేదని ముఖం మీద ఎలా చెప్పడం? అందుకని వింటున్నాడు, అచ్ఛా అంటున్నాడు, టీ ఇస్తున్నాడు.

నాకు కోపం రావాలి, నిజానికి వచ్చింది కూడా, కాని ఆ మనిషి ముఖం చూస్తే తిట్టబుద్ధి కాలేదు. ఊరి మొత్తం కష్టం నమ్మకంగా మెట్టు మెట్టూ ఎక్కివచ్చి, బ్యాటరీల మధ్య ఒక స్టూలు మీద కూర్చుని టీ తాగి వెళ్ళిపోతోంది. మరి ఎవరికి చెప్పాలి అని అడిగాను. ఆయన నాకంటే ఎక్కువ ఆశ్చర్యపోయాడు. "అరే బేటీ, రోజ్ సుబహ్ స్క్రీన్ పర్ ఆతా హై నా!" అన్నాడు.

నిజమే, రోజూ పొద్దున వచ్చేది. కంప్యూటర్ తెరవగానే నీలం రంగు తెర మీద, అప్‌డేట్‌లో ఇబ్బంది ఉంటే వాడేవారు మాకే చెప్పండి అని ఇంగ్లీషులో ఒక వరుస, కింద ఒక ఫోన్ నంబరు. చేరిన మొదటివారంలోనే నేను చదివాను. నాన్నను అడిగితే అది యజమానులకు, నౌకర్లకు కాదు, కంప్లైంట్ బుక్ లాంటిదే అన్నారు. నాకూ అది సబబుగానే తోచింది. అప్పటినుంచి ఆ తెర రాగానే ఎంటర్ నొక్కి దాటేసేదాన్ని, అలవాటు ముదిరాక అక్కడ అక్షరాలున్నాయన్న సంగతే మరిచిపోయాను.

ఆ సాయంత్రం నాన్నతో చెప్పాను, నేనే ఆ నంబరుకు చేస్తానని. ఆయన అత్త పడుకున్న గది వైపోసారి చూసి గొంతు తగ్గించి, "ఏటే, బాబాయి ఉండగా నువ్వు పైకి సెప్తావేటి? రేపు ఆదోరం ఆయన మొకమెలా సూస్తాను?" అన్నారు. లోపలినుంచి మంచినీళ్ళ గ్లాసు చేతి వణుకుకు మంచం పట్టీకి తగులుతున్న చప్పుడు వినబడుతోంది. నాన్న లేచి చొక్కా వేసుకున్నారు. స్టేషన్ బయట ఎస్‌టీడీ బూత్ దాకా నాతో నడిచి వచ్చారు గాని లోపలికి రాలేదు, అద్దం తలుపు బయట వీపు తిప్పి నిలబడ్డారు, తను చూడకపోతే మెట్టు దాటినట్టు కాదనుకున్నారేమో.

అవతల ఎత్తింది ఎవరో కుర్రవాడు. నేను గబగబా ఉన్న హిందీ అంతా వాడేసి, గడి ఇరుకైంది, అంకె తెగింది, మా అత్తకు ఇలా అయింది అని చెప్పేశాను. అతను చాలా మెల్లగా, "దీదీ, కిసీనే బతాయా క్యోం నహీ?" అన్నాడు. ఒక్కరూ చెప్పలేదట, అందరికీ బాగుందనే అనుకుంటున్నారట. చీటీ ఎలా వస్తోందో అక్షరం అక్షరం చెప్పించుకున్నాడు. ఆ సాఫ్ట్‌వేర్ ఉన్న ప్రతి గోదాముకూ ఆ రాత్రి లోపలే ఫోన్ చేయిస్తానని మాటిచ్చాడు. బయటికి వచ్చాక నా మనసు కడిగిన పలకలా ఉంది.

తెల్లవారి నాన్న షెడ్‌కు సెలవు పెట్టి, ఎవరి చేతా చెప్పించకుండా తనే కర్గీ రోడ్ బండెక్కారు. గోదాం మనిషి పెట్టె తెచ్చాడు, నాన్న షాపాయనను వెంటబెట్టుకుని ఆ మాత్రలు కొన్న ఇళ్ళకు ఒక్కొక్కదానికే వెళ్ళారు. చిన్న ఊరు కాబట్టి ఎవరెవరు కొన్నారో షాపాయనకు గుర్తుంది. ఎవరికీ మా అత్తంత ముదరలేదు. ఒకావిడ అట్ట ఇంకా విప్పనేలేదట. ఆ సంగతి చెబుతూ నాన్న చిన్నపిల్లవాడిలా నవ్వారు. కొద్ది రోజుల్లో సరిచేసిన సీడీ వచ్చింది. పెట్టి మొదటి చీటీ తీశాం, పేరు చివర అంకె నిండుగా, బుద్ధిగా కూర్చుంది.

బాబాయి ఆ ఆదివారం టీకి రాలేదు. నాన్న గుమ్మం వైపు చూస్తూ రెండుసార్లు టీ వేడిచేయించారు. తర్వాతి ఆదివారం వచ్చారు. వచ్చి మామూలుగానే కూర్చుని, అత్త క్షేమం అడిగి, టీ అయ్యాక నా వైపు చూడకుండా, "ఆ నెంబరేదో గోడ మీద పెద్దచ్చరాల్తో రాసీయే. నాకు ఆ తెర మీదివి అగుపడవు," అన్నారు. ఆ మాటతో మా ఇంటి మీదినుంచి బండ దిగింది. సోమవారం పొద్దున్నే వెళ్ళి కంప్యూటర్ పైన గోడ మీద రాశాను. గోదాం వేరేవాళ్ళ చేతికి వెళ్ళేదాకా అది అక్కడే ఉంది.

ఇంకొక్క సంగతి. సీడీ వచ్చిన కొన్నాళ్ళకు గోదాముకు ఫోన్ వచ్చింది, ఆ కుర్రవాడే. అంకెలు బాగా పడుతున్నాయా అని అడుగుతాడని చీటీ చేతిలో పట్టుకుని సిద్ధంగా ఉన్నాను. "దీదీ, ఆప్‌కీ బువాజీ అబ్ కైసీ హైఁ?" అన్నాడు. మా అత్త ఎలా ఉందని అడుగుతున్నాడు, ఎన్నడూ చూడని, చూడబోని మనిషి. చెయ్యి నిలబడింది, మళ్ళీ భుజం దాకా ఎత్తి టీ పోస్తోంది అని చెప్పాను. అటు ఆ పిల్లవాడు గట్టిగా ఊపిరి వదలడం నాకు వినబడింది. అతని పేరు నేను అడగలేదు, ఇప్పటికీ అప్పుడప్పుడూ గుర్తొస్తాడు.

పోయిన వారం మా అమ్మాయి చూపించిన చోట నేను ఫోను సంగతి రాసి పంపాను. కన్ను మూసి తెరిచేలోగా జవాబు వచ్చింది, మీ సమస్య అందింది, ధన్యవాదాలు అని. మంచి ఏర్పాటే, కాదనను. ఇప్పుడు ఎవరూ మెట్లెక్కనక్కర్లేదు, ఎవరి ముఖం చూడటానికీ జంకనక్కర్లేదు, మా నాన్న అద్దం బయట వీపు తిప్పి నిలబడనక్కర్లేదు. ఇదే అప్పుడు ఉంటే మా అత్త అన్నాళ్ళు వణికేది కాదు. అంతా తెలిసి కూడా, పంపాక ఆ తెర వంక కాసేపు చూస్తూ కూర్చున్నాను, ఇంకెవరో ఇంకేదో అడుగుతారని.

నాలుగో నాటికి మరో అప్‌డేట్ వచ్చింది. తెల్లారి వంటింట్లో ఉండగా హాల్లో ఫోను ఇల్లు ఎగిరిపోయేలా మోగింది. చేతులు తుడుచుకోకుండానే పరుగెత్తాను.

"ఏటే, పలుకుతంది కదా ఫోను! బాగయిపోనాదా?" అంది అత్త. అయిందన్నాను. టీ అయిందా అంటే ఇప్పుడే పోసుకుంటున్నానంది. ఈ వయసులో భుజం దాకా ఎత్తదు గాని, గ్లాసులోకి సన్నగా దిగుతున్న ఆ ధార చప్పుడు కర్గీ రోడ్ నుంచి నాకు స్పష్టంగా వినబడింది. నిండేదాకా నేను మాట్లాడకుండా విన్నాను.